మీ చర్మం మీద నా సంతకమా? టాటూ సంతకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి నుంచి నడిచి వచ్చేంత దూరంలో, ఒక మేడ మీద 12 ఏళ్ళుగా టాటూలు వేస్తున్నాను. కొండ దిగినవాళ్ళు గుండుకు రాసిన గంధం ఆరకముందే మెట్లెక్కి వస్తారు. యూనివర్సిటీ పిల్లలు సాయంత్రం వస్తారు. ఎంతవుతుంది, ఎంత నొప్పి పుడుతుంది అనే రెండు ప్రశ్నలకు ఎదురుగా కూర్చుంటేనే జవాబు చెప్పగలను. సంతకం సంగతి అలా కాదు, అందరికీ ఒకే జవాబు. ప్రతిసారీ మెషిన్ ఆపి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

మీరు వేసే టాటూ మీద మీ సంతకం ఉంటుందా?

ఉండదు. మీరే అడిగితే ఉంటుంది, అదీ ఒక్కసారి అడిగితే చాలదు. ఎందుకో కింద చెప్తాను.

బొమ్మలు గీసేవాళ్ళంతా మూలన పేరు రాసుకుంటారు కదా, మీకేం అడ్డం?

మొదటి రెండేళ్ళూ నేనూ వేశాను. దాచుకోవడం ఎందుకు. బెంగళూరులో పని నేర్చుకునేటప్పుడు మా గురువు "ఊరూ పేరూ లేని పనికి విలువుండదురా" అనేవాడు. అది బుర్రలో ఉండిపోయింది. షాపు పెట్టిన కొత్తలో వేసిన ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట నా పేరులోని మొదటి అక్షరం, బియ్యపు గింజంత, దూర్చేవాణ్ణి. ఎవరినీ అడిగేవాణ్ణి కాదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

పుత్తూరు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చి కుడి జబ్బ మీద తిరునామం, అటూ ఇటూ శంఖుచక్రాలు వేయించుకున్నాడు. నాలుగు గంటల పని. లైన్లు ఎంత బాగా వచ్చాయంటే నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే నామం పాదం కింద నా అక్షరం పెట్టేశాను. వాడు చూసుకున్నాడు గానీ అది కూడా డిజైన్‌లో భాగమేమో అనుకుని వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు వాళ్ళ అవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి, కూర్చోమన్నా కూర్చోకుండా, మనవడి జబ్బ పట్టుకుని ట్యూబ్‌లైటు వైపు తిప్పింది.

"ఇదేంది నాయనా?"

"నా పేరులో అక్షరం అవ్వా. నేనే వేసినానని గుర్తు."

"వీడు పొద్దున్నే నీళ్ళు పోసుకొని సామికి మొక్కేటప్పుడు నీక్కూడా మొక్కాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణేమో. ఆమె నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది, అదే కష్టమైపోయింది. చర్మం మానాక మళ్ళీ రమ్మని, ఆ అక్షరాన్ని తామర రేకుగా మార్చి పంపాను. డబ్బులు తీసుకోలేదు. తీసుకుంటే బాగుండదు కూడా.

చాలా రోజుల దాకా నా మనసులో ఆమెతో వాదిస్తూనే ఉన్నాను. తిరుమల గుడి గోడల నిండా శాసనాలే కదా, కొండ మీదా కిందా గుళ్ళన్నీ కలిపితే వెయ్యికి పైగా ఉన్నాయి కదా, అవి పేర్లు కావా అని. కానీ వాటిలో ఎక్కువ భాగం దానం ఇచ్చినవాళ్ళవి. పల్లవ రాణి సామవై వెండి విగ్రహం ఇచ్చిందని తెలుస్తుంది. గుడిలోకి అడుగు పెట్టగానే కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. అందరూ చూసేది రాయలనే, ఆ విగ్రహాలు చేసిన చేతుల గురించి క్యూలో ఎవరూ అడగరు. అవ్వకు చరిత్ర తెలియకపోవచ్చు. నేను తప్పు చేశానన్నది మాత్రం ఆమె సరిగ్గానే పట్టుకుంది.

దేవుడి బొమ్మ కాకపోతే వేయొచ్చా? పులి, గులాబీ, అమ్మ పేరు లాంటివి?

అప్పుడూ వెయ్యను. దేవుడి బొమ్మ కాబట్టి అవ్వ కంట పడింది, అంతే. కాన్వాసుకు, చర్మానికి ఉన్న తేడా పులికైనా అంతే ఉంటుంది. కాన్వాసు గోడకు వేలాడుతుంది. మీ చెయ్యి అన్నం తింటుంది, బిడ్డను ఎత్తుకుంటుంది, ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుంటుంది. అన్నిచోట్లా నా పేరు వెంట రావాల్సిన అవసరం ఏముంది?

అమ్మ పేరు పక్కన నా పేరు ఎంత అసహ్యంగా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

మన కవులు పద్యంలోనే పేరు పెట్టుకున్నారు కదా?

ఈ ప్రశ్న ఎంఏ తెలుగు చదివే ఒకమ్మాయి అడిగింది, మణికట్టు మీద నెమలీక వేయించుకుంటూ. మంచి ప్రశ్న, ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను.

వేమన ప్రతి పద్యం చివరా తన పేరు ఉంటుంది. త్యాగరాజు కీర్తన చివర త్యాగరాజ అని వస్తుంది. దాన్ని ముద్ర అంటారు. మన భాషకు సంతకం కొత్త కాదు. కానీ మన ఊరి పాటగాణ్ణి చూడండి. అన్నమయ్య వేల కీర్తనలు రాశాడు, వాటిని రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే ఒక అరలో దాచారు, 1922లో అవి మళ్ళీ వెలుగు చూశాయి. ఆ కీర్తనల్లో ముద్ర అన్నమయ్య పేరు కాదు, వేంకటేశుడి పేరు. క్షేత్రయ్యదీ అదే దారి, ఆయన ముద్ర మువ్వగోపాలుడు. అంటే పేరు పెట్టడంలోనే రెండు పద్ధతులు ఉన్నాయి: చేసినవాడి పేరు పెట్టడం ఒకటి, ఎవరి కోసం చేశాడో వాళ్ళ పేరు పెట్టడం ఇంకొకటి. నేను రెండో పద్ధతి వైపు. మీ చేతి మీద అమ్మ పేరు వేశానంటే ముద్ర వేసినట్టే.

ఇంకో సంగతి. వేమన తన పేరు తన పద్యంలో పెట్టుకున్నాడు. నచ్చనివాళ్ళు ఆ పద్యం చదవడం మానేస్తారు. మీరు మీ చెయ్యిని మానేయలేరు.

వైష్ణవుల్లో సమాశ్రయణం అనే దీక్ష చేయించుకున్నవాళ్ళ భుజాలు చూసే ఉంటారు, కుడి వైపు చక్రం, ఎడమ వైపు శంఖం, కాల్చిన ముద్రలు. అవి వేసేది ఆచార్యులే. ఆ ముద్రల్లో ఆయన పేరు ఉండదు.

పాతకాలం పచ్చబొట్లవాళ్ళు సంతకం లాంటిది ఏమైనా పెట్టేవాళ్ళా?

నేను అడిగి చూసిన ముసలివాళ్ళెవరూ అలాంటిది చెప్పలేదు. మా సొంత అవ్వ ముంజేతి మీద నాలుగు చుక్కలు, మధ్యలో ఒక కూడలి గీత, గడ్డం మీద ఒక్క చుక్క ఉండేవి. "ఎవరు పొడిచినారవ్వా" అంటే "ఎరుకలామె" అనేది. పేరు తెలియదు. కానీ ఆ మనిషి మొత్తం గుర్తుంది: ముక్కుపుడక, చంకలో బుట్ట, సూది గుచ్చేటప్పుడు పిల్ల ఏడవకుండా పాడిన పాట. కూలి ఏమిచ్చారో కూడా గుర్తుంది, తవ్వెడు వడ్లు, ఒక పాత చీర.

గుంటగలగరాకు పసరులో దీపం మసి కలిపి, సూదులు కలిపి కట్టి పొడిచేవాళ్ళు. ఆ రంగు నల్లగా వేసినా మానాక చర్మం కింద పచ్చగా, నీలంగా కనిపిస్తుంది, పచ్చబొట్టు అనే పేరు అందుకే తగినట్టుంటుంది. ఊరూరా తిరిగి సోది చెప్పి, పచ్చ పొడిచి వెళ్ళిపోయే ఆడవాళ్ళు వాళ్ళు. ఒకే రకం చుక్కలు, ఒకే రకం గీతలు, వందల మంది చేతుల మీద. ఇది ఫలానామె చెయ్యి అని కనిపెట్టడానికి నాకు వీల్లేదు. వాళ్ళ పేర్లు పోవడం మంచిదే అని నేననను. ఆ పని చేసినవాళ్ళకు ఎవరూ గౌరవం ఇవ్వలేదు, అందుకే పేర్లు ఎవరూ అడగలేదు. సంతకం వద్దనే నా మాటకు వాళ్ళను సాక్ష్యంగా తెచ్చుకోవడం అన్యాయం, తెచ్చుకోను.

బయటి దేశాల్లో వేస్తారంట కదా?

వేస్తారు. జపాన్‌లో అయితే అది పెద్ద సంప్రదాయం. అక్కడ వీపు నిండా, ఒళ్ళు నిండా వేసే టాటూకు ఏళ్ళు పడుతుంది. పూర్తయ్యాక వీపు మీదో పక్కటెముకల దగ్గరో చిన్న పెట్టె లాంటి గడిలో వేసినాయన పేరు ఉంటుంది. ఆ పేర్లు చాలావరకు 'హోరి' అని మొదలవుతాయి, చెక్కడం అని అర్థం. శిష్యుడికి గురువు ఇచ్చే పేరు అది. వేయించుకునేవాడికి మొదటి నుంచీ తెలుసు, ఆ గడికి చోటు డిజైన్‌లోనే ఉంటుంది. దీన్ని నేను తప్పుపట్టను. చాటుగా చేసేది కాదు కదా.

నాకు బాగా నచ్చింది ఫిలిప్పీన్స్ కథ. అక్కడ కళింగ అనే కొండ ప్రాంతం ఉంది (పేరు చూసి మన శ్రీకాకుళం వాళ్ళు తమదే అనుకునేరు). బుస్కలాన్ అనే పల్లెలో వాంగ్ ఓడ్ అనే అవ్వ, 1917లో పుట్టింది, ముల్లూ మసీ పెట్టి చిన్న కర్రతో తట్టి తట్టి టాటూ వేస్తుంది. 2023లో వోగ్ పత్రిక ఫిలిప్పీన్స్ సంచికకు ముఖచిత్రం అయింది, అప్పటికి 106 ఏళ్ళు. ఆమె సంతకం మూడు చుక్కలు. వయసు మీద పడ్డాక పెద్ద బొమ్మలు మనవరాళ్ళ వరసవాళ్ళకు వదిలి ఆ మూడు చుక్కలే ఎక్కువగా వేస్తోంది. గంటల తరబడి ప్రయాణం చేసి, కొండెక్కి, వరుసలో నిలబడి జనం ఆ మూడు చుక్కలు వేయించుకుని వస్తారు. ఇక్కడ సంతకమే బొమ్మ. అడిగి వేయించుకునే సంతకం ఇంత అందంగా ఉంటుందన్నమాట.

దీనికి పూర్తిగా అవతలి కొసన బెల్జియం కళాకారుడు విమ్ డెల్వోయ్ ఉన్నాడు. టిమ్ స్టైనర్ అనే మనిషి వీపు మీద 2006 నుంచి టాటూ వేయించి, సంతకం పెట్టి, 2008లో ఒక జర్మన్ సేకర్తకు 1,50,000 యూరోలకు అమ్మాడు. ఆ డబ్బు స్టైనర్‌కు, కళాకారుడికి, గ్యాలరీకి పంచారు. స్టైనర్ చొక్కా విప్పి మ్యూజియంలలో కూర్చుంటాడు, చనిపోయాక ఆ చర్మం ఫ్రేములోకి వెళ్తుంది. ఒప్పుకునే చేశాడు, కాబట్టి మనమేమీ అనలేం. అయినా నాకు ఇది చదివిన రాత్రి అన్నం సయించలేదు.

చట్టం ప్రకారం టాటూ ఎవరిది? మీదా, నాదా?

నేను లాయర్ని కాను, చదివి అర్థం చేసుకున్నంత వరకు చెప్తాను.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. అందులో టాటూ అన్న మాట లేదు. సొంతంగా గీసిన బొమ్మ కళాకృతి కిందికి వస్తుంది కాబట్టి, నేను కొత్తగా గీసిన డిజైన్ మీద హక్కు నాకు ఉంటుందనే వాదనకు బలం ఉంది. నెట్‌లోంచి మీరు తెచ్చిన బొమ్మ మీద నాకు ఏ హక్కూ రాదు. ఆ కాపీరైట్ పుట్టడానికి సంతకం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కాకపోతే సంతకానికి ఒక ఉపయోగం ఉంది: బొమ్మ మీద పేరు ఉంటే, కాదని ఇంకొకరు రుజువు చేసేదాకా ఆ పేరుగలవాడే చేశాడని చట్టం అనుకుంటుంది. 55వ సెక్షన్‌లో ఉందిది. "అందుకే సంతకం వెయ్యాలి" అని నాతో వాదించే తోటి ఆర్టిస్టులు ఉన్నారు. నేను చెప్పేదేమంటే, తేదీతో సహా స్టెన్సిల్ (చర్మం మీద ముందుగా అచ్చు దించే బొమ్మ) ఫోటో, గీసిన ఫైలు ఉంటే నాకు అంతే బలం. దానికోసం మీ చర్మాన్ని రుజువు కాగితం చేయక్కర్లేదు.

57వ సెక్షన్ ఇంకా చిత్రమైనది. బొమ్మ అమ్మేసినా, అది నేనే చేశానని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కు కళాకారుడికి మిగిలి ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు 5 లక్షల పరిహారం, ఆ శిల్పం తిరిగి ఇమ్మని తీర్పు చెప్పింది. గోడ మీది శిల్పానికి ఇది న్యాయమే. దీన్నే జబ్బ మీదికి తెచ్చి చూడండి. మీరు టాటూ లేజర్‌తో తీయించుకుంటానంటే నేను స్టే తెచ్చుకోవాలా? లావైతే బొమ్మ సాగిందని కేసు వేయాలా? చట్టం అక్షరం ఎలా ఉన్నా, ఏ ఆర్టిస్టూ ఆ దారిలో పోకూడదని నా అభిప్రాయం.

అమెరికాలో కేసులు చాలానే నడిచాయి. బాక్సర్ మైక్ టైసన్ ముఖం మీది టాటూ 2003లో విట్‌మిల్ అనే ఆర్టిస్టు వేశాడు. 2011లో ఒక హాలీవుడ్ కామెడీ సినిమాలో ఇంకో నటుడి ముఖం మీద అలాంటిదే వేసేసరికి విట్‌మిల్ కోర్టుకు వెళ్ళాడు. జడ్జి సినిమా విడుదల ఆపలేదు, కానీ ఆయన వాదన తేలికైంది కాదన్నారు, తర్వాత రాజీ కుదిరింది. ఆ కేసులో పనికొచ్చింది టైసన్ ముఖం మీద సంతకం కాదు, బొమ్మ హక్కులు టాటూ స్టూడియోవే అని టైసన్ ముందే సంతకం చేసిన కాగితం. రెజ్లర్ ర్యాండీ ఆర్టన్ టాటూలను వీడియో గేమ్‌లో వాడినందుకు 2022లో జ్యూరీ ఆర్టిస్టుకు 3,750 డాలర్లు ఇవ్వాలంది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ టాటూల మీద 2020లో వచ్చిన తీర్పు మాత్రం గేమ్ కంపెనీ వైపే వెళ్ళింది. మనిషి తన ఒంటిని తాను చూపించుకునే హక్కు టాటూతో పాటే వచ్చేసిందని అక్కడి జడ్జి అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

చిన్న సంతకమే కదా, దానివల్ల చర్మానికి ఏమవుతుంది?

ఏమీ కాదు, సంతకానికే అవుతుంది. ఇంకు పైచర్మం కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. అక్కడ మన ఒంట్లోని రక్షక కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి. ఆ కణాలు చచ్చినప్పుడు ఇంకు బయటపడుతుంది, పక్కనున్న కొత్త కణాలు మళ్ళీ మింగుతాయి. ఈ చేతులు మారడంలో, ఎండలో, వయసులో గీత కొద్దికొద్దిగా వెడల్పవుతుంది. పెద్ద గీతకు తెలియదు. బియ్యపు గింజంత అక్షరానికి ప్రాణం మీదికి వస్తుంది.

అందులోనూ మన తెలుగు అక్షరం గుండ్రం. ఇంగ్లీషు అక్షరాల్లో కొన్ని నిలువు గీతలే, ముదిరినా చదవొచ్చు. మనకు లోపల సున్నలు, కింద ఒత్తులు, పైన గుడులు. 'ఘ' లోపలి సందులు మూసుకుపోతాయి, 'మ'కూ 'య'కూ తేడా పోతుంది. 'లక్ష్మి' అని చిన్నగా వేయించుకున్నామె చేతిని ఏడేళ్ళ తర్వాత చూశాను, 'ల' పక్కన చీమల గుంపులా ఉంది. అందుకే తెలుగు అక్షరం 8 మిల్లీమీటర్ల ఎత్తు కన్నా తక్కువ నేను వెయ్యను. ఆ లెక్కన నా సంతకమే వెయ్యాలంటే మీ పులి తలకాయంత పెద్దదవుతుంది.

పోలీసు, ఆర్మీ సెలెక్షన్లకు వెళ్తాను. సంతకం ఉంటే ఇబ్బందా?

ఇబ్బందే. అసలు టాటూయే ఆలోచించి వేయించుకోండి. ఆర్మీలో ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనక వైపు మాత్రమే అందరికీ ఒప్పుకుంటారు. కేంద్ర సాయుధ బలగాల్లో సెల్యూట్ చేయని ఎడమ చేతి ముంజేయి లోపల, లేదా చేతి వెనక వైపు, అదీ ఆ భాగంలో నాలుగో వంతు లోపు ఉండాలి. అందులోనూ దేవుడి గుర్తో, పేరో అయితేనే. మెడికల్‌లో డాక్టరు "ఈ రెండో పేరు ఎవరిదయ్యా" అని అడిగితే "టాటూ వేసినాయనది సార్" అని చెప్పే పరిస్థితి మీకెందుకు? మీరు రాసే పరీక్ష నోటిఫికేషన్ తెచ్చుకుని రండి, కలిసి చదువుదాం. ఈ విషయంలో మాత్రం నా నోటి మాట నమ్మొద్దు, కాగితమే నమ్మండి.

అడగకుండా చాటుగా సంతకం వేస్తే ఎలా కనిపెట్టాలి?

స్టెన్సిల్ అతికించగానే మీ ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. నేనైతే నేనే తియ్యమంటాను. పని అయ్యాక ఫోటోతో పోల్చి చూడండి. నెమలి కన్నులో, గులాబీ రేకు మడతలో, సింహం జూలులో, ఓంకారం తోకలో ఎక్కువగా దాస్తారు. నేను దాచినవాణ్ణే కాబట్టి చోట్లు తెలుసు.

షేడింగ్‌లో చిన్న చిన్న మార్పులు సహజం, వాటిని చూసి గొడవపడొద్దు. అక్షరం లాంటిదో, అర్థం లేని గుర్తో కనిపిస్తే "అన్నా, ఇదేంది?" అని అప్పుడే, కుర్చీలోంచి లేవకముందే అడగండి. ఇంటికి వెళ్ళాక అడగడానికి మొహమాటం ఎక్కువవుతుంది.

మీ సంతకం వేయించుకుంటే రేటు తగ్గిస్తారా?

తగ్గించను. "మీకు ఫ్రీ యాడ్ కదన్నా" అని బేరమాడినాయన ఒకడున్నాడు. బోర్డు పెట్టుకోవడానికి నాకు మేడ ముందు చోటుంది.

నాకు నిజంగానే మీ సంతకం కావాలి. ఏం చేయాలి?

సరే. అలా అడిగి వేయించుకున్నవాళ్ళు ఇప్పటికి నలుగురు. అందులో ఒకామె చెయ్యంతా నాతోనే వేయించుకుంది, రెండేళ్ళలో పదకొండు సిట్టింగులు. చివరి రోజు "అంతా అయిపోయింది, మీ గుర్తు లేకపోతే నాకే వెలితిగా ఉందన్నా" అంది. అప్పుడు కాదనడం కూడా పొగరే అవుతుంది.

మొదటిసారి అడిగిన రోజు వెయ్యను. బొమ్మ కొత్తగా ఉన్నప్పుడు అందరికీ ప్రేమ పొంగుతుంది, నామీద కాదు, చేతి మీద. పుండు మాని, పొలుసు రాలి, నెలా రెండు నెలలు పోయాక టచప్‌కి వస్తారు కదా, అప్పుడు మళ్ళీ మీ అంతట మీరే అడగాలి. నేను గుర్తు చేయను. నలుగురూ మళ్ళీ అడిగారు, ఇంకో ముగ్గురు మొదటిసారి అడిగి మర్చిపోయారు. ఆ ముగ్గురి కోసమే ఈ నియమం.

పేరు వెయ్యను, అక్షరమూ వెయ్యను. అరసున్న వేస్తాను. చిన్నప్పుడు పాత పుస్తకాల్లో చూసే ఉంటారు, సగం చందమామలా ఉంటుంది, పలకడానికి ఏమీ ఉండదు, రాసేవాళ్ళకు మాత్రం ఎక్కడ ఉండాలో తెలుసు. ఎంత చిన్నగా వేసినా ముదిరితే ఒక చుక్క అవుతుంది, అంతకన్నా పాడవదు. మీరు చూపించిన చోటే వేస్తాను. దేవుడి బొమ్మలో వెయ్యను, ఎన్నిసార్లు అడిగినా సరే. దీనికి డబ్బులు లేవు.

18 ఏళ్ళు నిండనివాళ్ళకు టాటూయే వెయ్యను, కాబట్టి సంతకం మాటే రాదు. అమ్మానాన్నల్ని తీసుకొచ్చినా అంతే.

వేరేచోట వేసిన సంతకాన్ని తీసేయగలరా?

కప్పేయగలను. చిన్నదైతే ఆకో, రేకో, చుక్కో అయిపోతుంది. ఎక్కడ వేయించుకున్నారని అడగను, మీరు చెప్పినా ఇంకొకరికి చెప్పను. పూర్తిగా చెరిపేయాలంటే లేజరే దారి, అది చర్మం డాక్టరు దగ్గర చేయించుకోవాలి, మా లాంటి షాపుల్లో కాదు. ఒక్కసారితో పోదు, మధ్యలో ఆరేడు వారాలు ఆగి ఆగి చేస్తారు. బియ్యపు గింజంత సంతకానికి అంత అవస్థ ఎందుకని చాలామంది కప్పేయించుకుంటారు.

సంతకం లేకపోతే మీ పని మీదని జనానికి ఎలా తెలుస్తుంది?

పని తెలిసినవాళ్ళకు లైను చూస్తే తెలుస్తుంది. గీత ఎత్తే చోట, మలుపు తిప్పే చోట ఎవరి చెయ్యి వాళ్ళదే. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళను అడగండి, కంటి రెప్ప గీసిన తీరు చూసి ఏ ఇంటి కలమో చెప్పేస్తారు. మిగతావాళ్ళకు తెలియకపోతే ఏం. మీరు ఎవరికైనా చెప్తే చాలు, మా షాపుకు సగం మంది అలా వచ్చినవాళ్ళే.

షాపులో ఒక పుస్తకం ఉంది. తేదీ, డిజైన్, వాడిన ఇంకు, నీడిల్ వివరాలు రాసి మీ సంతకం తీసుకుంటాను. ఇంకు పడక దద్దుర్లు వస్తే డాక్టరుకు చూపించడానికి అది పనికొస్తుంది. ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే అడిగే పెడతాను, ముఖం రాకుండా. ఫోటో మీద నా పేరు వాటర్‌మార్క్‌గా ఉంటుంది. అక్కడ నా పేరు ఎంత పెద్దగా ఉన్నా ఎవరికీ నొప్పి లేదు అనుకునేవాణ్ణి.

పోయిన ఏడు గంగమ్మ జాతర అయిన వారానికి ఒక కుర్రాడు టచప్ కోసం వచ్చాడు. వెనక భుజం మీద నెమలి. చూడగానే నాదే అనుకున్నాను, మెడ వంపు అచ్చం నాదే. కానీ షేడింగ్ నాది కాదు, వాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకా దగ్గరికి పెట్టి చూస్తే తోక కింద ఏవో రెండు వంకర గీతలు. లైటు తిప్పి చూశాను. అవి నా వాటర్‌మార్క్‌లోని చివరి రెండు అక్షరాలు. ఎవరో నా ఫోటోను ప్రింటు తీసి, స్టెన్సిల్ చేసి, ఈకల మీద పాకిన నా పేరుతో సహా దించేశారు.

వాడికి ఫోన్లో నా ఫోటో చూపించాను. కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసుకుని, "అంటే మీ సంతకం నా దగ్గర ఉందా అన్నా?" అన్నాడు. ఉంచమంటావా, కప్పమంటావా అని అడిగాను. కప్పెయ్యమన్నాడు. రెండు చిన్న ఈకలు, అరగంట పని, టచప్‌తో కలిపి 700 తీసుకున్నాను.